వాడని బీ-ఫారం

నా పార్టీ పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది ఇక్కడే చదవడం ఆపేస్తారు, మిగతా సగం నన్ను వెనకేసుకొస్తారు. రెండూ నాకు ఇష్టం లేదు. నియోజకవర్గం పేరు కూడా అడక్కండి. ప్రకాశం జిల్లాలో, రోడ్డు పక్కన పొగాకు బ్యారన్లు కనపడే చోటు అనుకోండి, చాలు. నేను 2009 నాటి బీ-ఫారాన్ని. పేపర్లవాళ్లు 'టికెట్' అని రాసేది నా గురించే. నిజానికి టికెట్ అనే వస్తువు ఎక్కడా ఉండదు. టీవీలో జాబితా చదువుతారు, టపాసులు కాలుస్తారు, ఫ్లెక్సీకి పాలు పోస్తారు. అవేవీ ఎన్నికల అధికారి బల్ల మీదికి రావు. అక్కడికి వెళ్లేదాన్ని నేనే.

మా వంశానికి మూలం ఎన్నికల సంఘం 1968లో తెచ్చిన గుర్తుల ఉత్తర్వు. నాకు ముందు ఏ-ఫారం అని ఒకటి ఉంటుంది. పార్టీ తరఫున సంతకం పెట్టే హక్కు ఎవరిదో, ఆ సంతకం ఎలా ఉంటుందో అది చెబుతుంది. ఆ సంతకాన్ని మోసుకొచ్చి, ఫలానా మనిషి మా అభ్యర్థి అని నేను చెబుతాను. సంతకం సిరాతో పడాలి. రబ్బరు స్టాంపు చెల్లదు, ఫ్యాక్సు చెల్లదు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు రిటర్నింగ్ అధికారి చేతికి అందాలి. మూడు దాటాక నన్ను పకోడీల బండివాడికి ఇచ్చినా ఒకటే.

నాలో ముఖ్యమైన గడులు రెండు. పై గడిలో అభ్యర్థి పేరు, తండ్రి పేరు, చిరునామా. కింది గడిలో ప్రత్యామ్నాయ అభ్యర్థి, జనం భాషలో డమ్మీ. పరిశీలనలో అసలు మనిషి నామినేషన్ తిరస్కరిస్తే ఈ రెండో పేరు పైకొస్తుంది. ఆ గడిలో భార్య పేరో కొడుకు పేరో రాయడం మామూలు. బయటివాళ్లను డమ్మీగా పెట్టే ధైర్యం ఏ నాయకుడికుంటుంది! నా కింది గడిలో ఉన్నది నన్ను అందుకున్న మనిషి భార్య పేరు.

నేను హైదరాబాదులో, పార్టీ ఆఫీసు వెనక కంప్యూటర్ గదిలో పుట్టాను. నా మీద ముందు పడింది సంతకం, పేర్లు తర్వాత. సంతకం పెట్టినాయన ఆ అధికారం పొందిన కార్యదర్శుల్లో ఒకరు. ఆ రాత్రి ఖాళీ ఫారాల కట్ట ముందేసుకుని, పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూనే వరసగా గీకేశారు. ఎవరికోసం పెడుతున్నారో అప్పటికి ఆయనకూ తెలియదు. వరండాలో మనుషులు బారులు తీరి నిలబడ్డారు. కొందరు కాళ్ల మీద పడుతున్నారు, కొందరు పురుగుమందు డబ్బా చూపిస్తున్నారు. డబ్బా తెచ్చినవాడు దాన్ని తాగడని గుమాస్తాలకు తెలుసు. అయినా టీ ఇచ్చి కూర్చోబెడతారు, టీవీ కెమెరాలుంటాయి కాబట్టి.

ఆఫీసులో పాత గుమాస్తా ఒకాయన 1978 కథ చెప్పేవాడు. జనవరిలో ఇందిరాగాంధీ వేరుపడి కాంగ్రెస్ (ఐ) పెట్టారు, ఫిబ్రవరిలోనే రాష్ట్రంలో ఎన్నికలు. ఆ కొత్త పార్టీ ఫారం తీసుకోవడానికి పేరున్నవాళ్లు చాలామంది వెనకాడారు. చివరికి 294లో 175 సీట్లు దానికే వచ్చాయి. "అందుకే ఏ ఫారాన్నీ తక్కువ చూడకూడదు" అని ఆయన ముగించేవాడు. మా కట్టలోని ఫారాలన్నీ అది విని పొంగిపోయాయి. నేను కూడా.

2009లో మా గిరాకీ ఎప్పుడూ లేనంతగా పెరిగింది. కారణం ఆశలొక్కటే కాదు. ఆ ఎన్నికలు కొత్త హద్దులతో జరిగాయి. రాష్ట్రంలో ఎస్సీ స్థానాలు 39 నుంచి 48కి, ఎస్టీ స్థానాలు 15 నుంచి 19కి పెరిగాయి. మా జిల్లాలో మార్టూరు, కంభం అనే నియోజకవర్గాలే లేకుండా పోయాయి. కొండపి ఎస్సీలకు రిజర్వయింది. ఇరవై ఏళ్లు ఒకచోట పెళ్లిళ్లకూ చావులకూ తిరిగిన నాయకుడు తెల్లారేసరికి ఊరు లేనివాడయ్యాడు. ఇంకేముంది, పక్క నియోజకవర్గంలో దిగాడు. అక్కడున్నవాడు ఊరుకుంటాడా? దీనికి తోడు 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టింది. ఇటు అలిగినవాడికి అటు ఒక గుమ్మం దొరికింది. మహాకూటమి పేరుతో నాలుగు పార్టీలు కలిసి, ఏ సీటు ఎవరిదో తేల్చుకోలేక కొన్నిచోట్ల ఇద్దరికీ ఫారాలిచ్చుకున్నాయి. దానికి 'స్నేహపూర్వక పోటీ' అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడికి దండం.

నన్ను అందుకున్న మనిషిని ఊళ్లో ప్రెసిడెంటు గారు అంటారు. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు అనడం అలవాటు, పదవి పోయినా పిలుపు పోదు. ఆయన నన్ను కళ్లకద్దుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును రెక్సిన్ సంచిలో దాచి, సంచిని ఒళ్లో పెట్టుకుని రాత్రికి రాత్రి కారెక్కారు. టికెట్ అడగడానికి వెళ్లినప్పుడల్లా తన చరిత్రంతా ఆ సంచిలో మోసుకెళ్లేవారట. ఆ కాగితాలు తెల్లవార్లూ నాకు ఆయన కథ చెప్పాయి.

అన్నిటికన్నా పాతది 1981 నాటి సర్పంచి ధ్రువపత్రం. పసుపెక్కి, మడతల దగ్గర చిరిగి, మాట్లాడితే దగ్గుతుంది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి ఈయన ఏ పార్టీవాడో అప్పటికి ఎవరికీ పట్టలేదు. బావి తవ్వించారు, బడికి రెండు గదులు వేయించారు. ఆ పక్కనే 1987 నాటి కాగితం. దాని గర్వం చెప్పనలవి కాదు. సమితులు పోయి మండలాలొచ్చిన కొత్త. మండలాధ్యక్షుణ్ని అప్పుడు జనమే ఓట్లేసి ఎన్నుకున్నారు. 1995 నుంచి ఆ పని ఎంపీటీసీలది అయింది. ఎంపీటీసీలను క్యాంపులకు తరలించడం అప్పట్నుంచే. "నన్ను వేల మంది గెలిపించారు, క్యాంపులో కాదు" అని ఆ కాగితం పదే పదే అంది. ఆయనకు కూడా అదే బెస్టు కాలమట. ప్రభుత్వ జీపు, ఎండీవో పక్క కుర్చీ, జనం చేతిలో అర్జీలు.

తర్వాత కథ అంతా 'వచ్చేసారి' కథ. 1989లో అడిగితే వచ్చేసారి అన్నారు. 1994లో మళ్లీ అదే మాట. సంచిలో జిల్లా ఎడిషన్ల కత్తిరింపులు కట్టలుగా ఉన్నాయి. ప్రతిదాంట్లో 'టికెట్ రేసులో' అన్న శీర్షిక, కింద ఆయన ఫొటో. ఫొటోలో మీసం మెల్లమెల్లగా తెల్లబడుతుంది, శీర్షిక మాత్రం మారదు. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఎవరి గదిలోనో చాప పరుచుకుని పడుకోవడం, పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని పెద్దల ఇంటి ముందు నిలబడటం. బయటికొచ్చే కారులోంచి ఆ పెద్దమనిషి చెయ్యి ఊపితే మనకే ఊపాడని సంబరపడటం. రోడ్డు పక్క చేను అలా కరిగిపోయింది. తాకట్టు కాగితం కూడా ఆ సంచిలోనే ఉంది, కానీ అది ఎవరితోనూ మాట్లాడదు.

1999లో ఓపిక చచ్చి ఇండిపెండెంటుగా నామినేషన్ వేశారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ పడ్డారు కదా, ఆ ఏడాదే చట్టం మార్చి ఈ నిబంధన పెట్టారు. డిపాజిట్టు కూడా అసెంబ్లీకి 250 నుంచి ఐదువేలకు పెంచారు. ఈయన కోసం పదిమంది కూలి మానుకుని వచ్చి సంతకాలు, వేలిముద్రలు వేశారు. ఉపసంహరణ రోజున పార్టీ పెద్దలు దిగారు, తలుపులేసుకుని మాట్లాడారు. మూడింటికి ముందే ఆయన నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. ఆ పదిమందిని ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకు మార్కెట్ యార్డు చైర్మన్ పదవి ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. అలిగినవాళ్లను బుజ్జగించడానికి అధికారంలో ఉన్న ప్రతి పార్టీ దగ్గరా ఇలాంటి కుర్చీలు కొన్ని ఉంటాయి: మార్కెట్ యార్డు, దేవస్థానం బోర్డు, గ్రంథాలయ సంస్థ. పుస్తకం ముట్టుకోని మనిషి గ్రంథాలయ సంస్థ చైర్మన్ కావడం వెనక ఏదో ఒక ఉపసంహరణ పత్రం ఉండే ఉంటుంది.

అయ్యో పాపం అనుకుంటున్నారా? ఆగండి. సంచి అడుగున 2001 నాటి కాగితం ఒకటి నక్కి ఉంది. అది మా జాతిదే, ఎంపీటీసీ ఎన్నికల బీ-ఫారం నకలు. ఊళ్లో ఆ స్థానం బీసీ మహిళకు రిజర్వయింది. ఇరవై ఏళ్లుగా ఈయన కోసం గోడల మీద గుర్తులు గీసిన పెయింటరు ఉన్నాడు. డబ్బులిచ్చినప్పుడు తీసుకున్నాడు, ఇవ్వనప్పుడు అడగలేదు. భార్య పదో తరగతి దాకా చదివింది. తన భార్యకు ఇప్పించమని అతను మూడు నెలలు తిరిగాడు. ఆ ఫారం ఎవరికివ్వాలో ఊళ్లో తేల్చేది ఈయనే. "చూద్దాంలేరా" అన్నారు, "నీకు కాకపోతే ఎవరికి" అన్నారు. చివరికి తన దగ్గర జీతానికున్న డ్రైవరు భార్య పేరు రాయించారు. గెలిచాక సంతకాలు పెట్టమన్నచోట పెడుతుంది, ఎదురు మాట్లాడదు. పెయింటరు ఆ సాయంత్రం సున్నం బకెట్టు, నీలిరంగు డబ్బా పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడ్డాడట. "ప్రెసిడెంటు గారూ, గోడల మీద పేరు ఏమని రాయమంటారు?" అన్నాడు. అంతే. రాశాడు, అన్ని గోడల మీదా. 2004 ఎన్నికలకు మాత్రం బ్రష్షు పట్టలేదు.

ఈ సంగతి చెప్పిన కాగితాన్ని మిగతావి కసిరాయి. పెద్దమనిషికి టికెట్ వచ్చిన శుభవేళ ఇప్పుడెందుకు అన్నాయి. నాకు మాత్రం ఈ నకలు ఒక్కటే నిజం చెప్పినట్టనిపించింది.

ఇక ఆఖరి రోజు. ఏప్రిల్ మొదటి వారం, ఎండ మాడ్చేస్తోంది. ప్రెసిడెంటు గారు అంతకుముందే ఒక సెట్టు నామినేషన్ వేశారు, ఒక్క ప్రతిపాదకుడితో. ఆయన భార్య కూడా డమ్మీగా ఒకటి వేసింది. నన్ను మాత్రం సిద్ధాంతి చెప్పిన ముహూర్తానికి, మధ్యాహ్నం రెండున్నరకు ఇవ్వాలని అట్టేపెట్టారు. ఊరేగింపు, డప్పులు, పూలదండలు. వంద మీటర్ల గీత దగ్గర పోలీసులు అందర్నీ ఆపేశారు. లోపలికి అభ్యర్థితో కలిపి ఐదుగురే.

ముందుగా నకళ్లు తీయించాలని మేనల్లుడు నన్ను ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపుకు తీసుకెళ్లాడు. అతను ఒంగోలులో వకీలు. బల్ల మీద నా పక్కనే ఇంకో కాగితం ఉంది. నాలాగే ఉంది. అదే పార్టీ, అదే ముద్ర, అదే నియోజకవర్గం, అదే సంతకం. తేదీ మాత్రం నాకన్నా రెండు రోజుల తర్వాతది. పై గడిలో వేరే పేరు. విదేశాల్లో సంపాదించి వచ్చి ఇంజనీరింగ్ కాలేజీ పెట్టినాయన పేరు.

"నువ్వెప్పుడు పుట్టావ్?" అన్నాను.

"మొన్న రాత్రి. నిన్ను రద్దు చేశారని చెప్పలేదా?" అంది.

"ఎక్కడ రాశారు?"

దానికి జవాబు దొరకలేదు. దాని ఒళ్లంతా వెతికినా ఆ మాట లేదు.

మేనల్లుడి కళ్లు కూడా అక్కడే ఆగాయి. షాపు కుర్రాడి చేత దానికి ఇంకో నకలు తీయించి, పరుగున కారు దగ్గరికొచ్చాడు. "మావయ్యా, వాళ్ల ఫారంలో పాతది రద్దు చేస్తున్నామన్న వాక్యం లేదు. ఒకే సీటుకి రెండు బీ-ఫారాలొచ్చి, ఏది రద్దో పార్టీ చెప్పకపోతే, ఎవరి నామినేషన్ ముందు అందిందో వాళ్లే పార్టీ అభ్యర్థి. రూలు స్పష్టంగా ఉంది. మీది నాలుగు రోజుల ముందు పడింది. ఇది ఇప్పుడే లోపలిచ్చేస్తే గుర్తు మీదే. హైదరాబాదోళ్లకి తెలిస్తే ఫ్యాక్సు పంపుతారు, ఫ్యాక్సు చెల్లదు. మనిషి సంతకంతో వచ్చేసరికి మూడు దాటిపోద్ది. లేవండి మావయ్యా!"

అప్పటికి రెండుంబావు. ప్రెసిడెంటు గారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. చెమటకు నా అంచు తడిసింది. లేచి నిలబడ్డారు కూడా. ఇంతలో జిల్లా పెద్దాయన స్కార్పియో వచ్చి పక్కనే ఆగింది. మేనల్లుణ్ని బయట ఉంచి ఇద్దరూ అందులో కూర్చున్నారు. నేను చొక్కా జేబులో ఉన్నాను. ఆ కారులో ఏం జరిగిందో ఊళ్లో చాలా కథలున్నాయి. కన్నీళ్లు పెట్టుకున్నారనీ, పిస్తోలు చూపించారనీ అంటారు. నేను విన్నది ఇది.

"ప్రెసిడెంటు గారూ, పైనుంచి ఫోనొచ్చింది. ఆయనకిచ్చేశారు. మీరు అది లోపల ఇవ్వమాకండి."

"ఇస్తే?"

"ఇస్తే గెలవనియ్యరు. పార్టీ తరఫున ఒక్కడు కూడా మీ బూతుల్లో కూర్చోడు. మండలి మళ్లీ వచ్చింది కదా, ఎమ్మెల్సీ సంగతి నేను చూసుకుంటా."

శాసనమండలి వచ్చిన మాట నిజమే. 1985లో రద్దయింది 2007లో తిరిగొచ్చింది. ప్రెసిడెంటు గారు చాలాసేపు మాట్లాడలేదు. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. చివరికి అడిగింది ఒక్కటే.

"ఇప్పటిదాకా అయిన ఖర్చు?"

"ఆయన చూసుకుంటానన్నాడు."

"పాతయ్యి కూడానా?"

పెద్దాయన కాసేపు ఆగి, "పాతయ్యి కూడా" అన్నాడు.

మూడు కొట్టింది. పరిశీలన రోజున బీ-ఫారం లేదని, పదిమంది ప్రతిపాదకులూ లేరని ఆయన నామినేషన్ తిరస్కరించారు. నేనే లోపలికి వెళ్లనప్పుడు డమ్మీకి బలమేముంటుంది, భార్యది కూడా పోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతుంటే, ఆవిడ మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టి అడిగింది: "అందులో నా పేరు కూడా ఉందిగా. దానికెంత ఇచ్చారు?"

కాలేజీ ఆయన ఓడిపోయాడు. మే 16న లెక్కింపు అయింది, నెల తిరక్కుండా విమానమెక్కాడు. ఎమ్మెల్సీ రాలేదు. తాకట్టు కాగితం మాత్రం సంచిలోంచి వెళ్లిపోయింది, కొట్టివేత ముద్రతో. మేనల్లుడు చాలా ఏళ్లు మావయ్య ఇంటికి రాలేదు. రాష్ట్రం రెండైంది. మా పార్టీవాళ్లు సగం మంది కండువాలు మార్చారు, ప్రెసిడెంటు గారు కూడా మార్చారు. ఆయన మార్చినప్పుడు పేపర్లో నాలుగు లైన్లే వచ్చాయి, ఫొటో లేకుండా.

తర్వాత నా బతుకంతా బీరువాలోనే. 2024 ఎన్నికల ముందు ఆయన కొడుకు ఆ సంచి బయటికి తీశాడు. ఇప్పుడు టికెట్ల తీరు మారింది. క్వార్టర్స్‌లో చాపలు లేవు. ఫోన్ చేసి, ఫలానా అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి అని అడిగే సర్వేలున్నాయి. ఆ సర్వేలో పేరు రావాలంటే ముందు ఫ్లెక్సీల మీద రావాలి. పైగా పొత్తుల్లో ఏ సీటు ఎవరికి పోతుందో తెలియదు. అబ్బాయి తన బయోడేటా తయారు చేయిస్తున్నాడు, రంగుల పుస్తకం. 'కుటుంబ నేపథ్యం' అన్న పేజీ ఖాళీగా ఉంది. పాత కాగితాలన్నీ మంచం మీద పరిచి చూశాడు. 1987 నాటిది ఆశగా ముందుకు జరిగింది. దాన్ని పక్కకు తోశాడు. నన్ను తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి ఫోనుతో ఫొటో తీశాడు. కింద టైపు చేశాడు: 'పార్టీ క్రమశిక్షణ కోసం చేతికందిన బీ-ఫారాన్ని త్యాగం చేసిన కుటుంబం.'

అయితే ఒక చిక్కు వచ్చింది. నా మీద ఉన్నది పాత పార్టీ పేరు, పాత పార్టీ ముద్ర. అబ్బాయి అడుగుతున్నది కొత్త పార్టీని. అందుకని ఫొటోలో పై భాగం, ముద్ర ఉన్న మూల కత్తిరించేశాడు. తండ్రికి చూపించాడు.

ప్రెసిడెంటు గారు కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. 'త్యాగం' అన్న మాట దగ్గర కాసేపు ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను, ఏదైనా అంటారేమోనని.

"సంతకం కూడా పోయిందేందిరా?" అన్నారు.

"ముద్ర పక్కనే ఉంది నాన్నా, దాంతో పాటు కట్ అయింది. ఇప్పుడదెందుకు?"

"ఆ సంతకం పెట్టినాయన ఇప్పుడు మన పార్టీలోనే ఉన్నాడు. టికెట్ల కమిటీలో కూడా ఉన్నాడంట. సంతకం కనపడేట్టు మళ్లీ తియ్యి."